మాటల టీచరు వచ్చే రోజు

లెక్కల మాస్టారికి గొంతెక్కువ. ముప్పై నిండని మనిషి, చూడ్డానికి రివటలా ఉంటాడు, అంత గొంతు ఎక్కణ్నుంచి వస్తుందో ఎవరికీ అంతుపట్టదు. అతను ఎక్కాలు చెప్పిస్తుంటే బడి ఎదురుగా కొట్టులో సామాను తూచేవాడు కూడా ఉలిక్కిపడి ఇంకోసారి తూచుకుంటాడని స్టాఫ్ రూములో జోకు.

రెండేళ్ల కిందట, వాన దంచి కొడుతున్న ఒక శుక్రవారం, పన్నెండో ఎక్కం సగంలో ఉండగా ఎవరో తలుపు తట్టారు. తడిసిన గొడుగు పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. మనిషంతా వానలో నానిపోయింది గానీ కళ్లు మాత్రం నిప్పులు కక్కుతున్నాయి.

"మాస్టారూ, మీరు కాస్త నెమ్మదిగా గుణిస్తారా?"

క్లాసంతా కిసుక్కున నవ్వింది. నెమ్మదిగా చెప్తే పిల్లలు నిద్రపోతారని మాస్టారు బెట్టు చేశాడు.

"పోనివ్వండి. గోడకి ఆ పక్కన ఒక పిల్ల ఇందాకటి నుంచీ తన పేరు చెప్పడానికి చూస్తోంది. మొదటి అక్షరం నోటిదాకా వస్తుంది, అంతలో మీ పన్నెండో ఎక్కం వచ్చి దాన్ని తన్నేస్తోంది. ఆ పిల్ల పేరు చెప్పేదాకా మీవాళ్లు నిద్రపోతే కొంప మునగదు."

అని వెళ్లిపోయింది. మాస్టారు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. క్లాసు క్లాసంతా చెవులు రిక్కించింది. బయట వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి గోడ అవతలి నుంచి ఒక పేరు ముక్కలుముక్కలుగా మొదలై, ఆగి, మళ్లీ మొదలై, చివరికి మొత్తం వినబడింది. పిల్లలు ఎవరూ చెప్పకుండానే చప్పట్లు కొట్టారు. సరిగ్గా అక్కడే, సుద్ద చేత్తో, లెక్కల మాస్టారు ప్రేమలో పడ్డాడు. పడినవాడు పడినట్టే ఉన్నాడు, లేచి ఆ సంగతి ఆమెకి చెప్పిన పాపాన పోలేదు.

ఆమె నత్తి ఉన్న పిల్లలకీ, మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లలకీ మాటలు నేర్పే టీచరు. పిల్లలు 'మాటల టీచర్' అనేవారు. ఊళ్లోని ఐదు బళ్లకీ కలిపి ఒక్కతే. రోజుకొక బడి చొప్పున తిరుగుతూ శుక్రవారం ఇక్కడికి వస్తుంది. ఆమెకంటూ గది లేదు. విరిగిన బెంచీలు, చిరిగిన వాలీబాల్ వలలు పడేసే స్టోరు రూములో ఒక మూల ఊడ్చుకుని, చిన్న అద్దం గోడకి తగిలించుకుని కూర్చుంటుంది.

ఆ రోజు నుంచి మాస్టారు శుక్రవారాలు లెక్కలన్నీ బోర్డు మీద రాసి చేయించడం మొదలుపెట్టాడు. నోరు తెరిచేవాడు కాదు. పిల్లలకి పండగే. స్టోరు రూములో రెండు మంచి కుర్చీలు వెలిశాయి, కారే కిటికీకి రేకు వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరూ అక్కడే డబ్బాలు విప్పుకునేవారు. ఇద్దరూ వాదించుకోని విషయం లేదు. లెక్కలు రానివాళ్లే మాటకారులవుతారని అతను, మాటలు రానివాళ్లే లెక్కల్లో తలదాచుకుంటారని ఆమె.

"అయితే నాకు మాటలు రావంటారా?"

"గొంతు వచ్చు. మాటలు రావు. ఆ రెండూ ఒకటి కాదు."

అప్పుడు చెప్పేసి ఉండాల్సింది. మాస్టారు నీళ్లు నమిలాడు. వచ్చే శుక్రవారం చెబుదామనుకున్నాడు. వచ్చే శుక్రవారం అనేది ఎప్పుడూ ఉంటుంది కదా అని అతని ధీమా.

ఇంట్లో అక్క మాత్రం పసిగట్టేసింది. వాళ్లకి అమ్మానాన్నా లేరు. బట్టలు కుట్టి తమ్ముణ్ని చదివించిన అక్క, ఇప్పటికీ అతని చొక్కాలన్నీ తనే కుడుతుంది. ఒకనాడు మిషను తొక్కుతూ, గురువారం రాత్రులే చొక్కా ఇస్త్రీ ఎందుకురా అని అడిగింది. అతను ఇస్త్రీ పెట్టె వేపే చూస్తూ ఏదో గొణిగాడు. "సరే, నువ్వు చెప్పేలోపు ఆ అమ్మాయికి మనవలు పుడతారు" అంది అక్క.

ఇలా ఉండగా సర్కారు బళ్లకి డబ్బు చాలడం లేదన్న సంగతి, మొదట పుకారుగానూ, తరవాత ఉత్తర్వుగానూ వచ్చింది. వారానికి ఐదు రోజులు పాఠాలు చెప్పించడం ఖజానా వల్ల కాదట. కరెంటు, బస్సులు, జీతాలు అన్నీ తగ్గాలట. ఇకమీదట బడి నాలుగు రోజులే. జీతంలో ఐదోవంతు కోత. ఏ రోజు ఎత్తెయ్యాలో మాత్రం ఏ బడికి ఆ బడి టీచర్లు నిర్ణయించుకోవచ్చని దయతలిచారు.

హెడ్మిస్ట్రెస్ మీటింగు పెట్టింది. రిటైరుమెంటుకి దగ్గర పడిన పెద్దావిడ, ఆ కాగితం చదువుతుంటే ఆవిడ గొంతు రెండుసార్లు ఆగింది. ఆ తరవాత డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుని, పోయేది ఎలాగూ పోతోంది గనక శుక్రవారం పోతే బాగుంటుందనీ, శని ఆదివారాలతో కలిసొస్తుందనీ అన్నాడు. తలలన్నీ ఊగాయి.

లెక్కల మాస్టారు ఊరుకోలేదు. లేచి నిలబడి, శుక్రవారం వద్దు, సోమవారం తీసేద్దాం అన్నాడు. ఎందుకని అడిగారు. సోమవారం పిల్లల బుర్రలు పనిచేయవన్నాడు. శుక్రవారం మాత్రం ఏం పనిచేస్తాయని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఓటింగు రెండు రోజుల తరవాత అనుకున్నారు.

ఆ రెండు రోజులూ అతను ఎన్నికల్లో నిలబడ్డవాడిలా తిరిగాడు. ఒకరి పరీక్ష పేపర్లు దిద్దిపెడతానన్నాడు, ఇంకొకరి కూతురికి ఇంటికొచ్చి లెక్కలు చెప్తానన్నాడు. చివరికి డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్లి, సాయంత్రం గ్రౌండు డ్యూటీ ఏడాదంతా తనే చేస్తానని ఈల పుచ్చుకున్నాడు. డ్రిల్లు మాస్టారు ఈల ఇస్తూ, స్టోరు రూములో ఏముంది మాస్టారూ, వలలేనా, అని కన్ను గీటాడు. చేతులెత్తించి లెక్కపెడితే ఒక్క చెయ్యి తేడాతో సోమవారం పోయింది. శుక్రవారం మిగిలింది.

మాస్టారు ఏనుగెక్కినంత సంబరంగా ఇంటికి వెళ్లాడు.

ఆ సంబరం సోమవారం దాకా ఉంది. ఆ రోజు హెడ్మిస్ట్రెస్ అతన్ని గదిలోకి పిలిచి కూర్చోమంది. ఆవిడకీ సంగతి తెలియకపోలేదు. బడిలో తెలియనిది ఆ మాటల టీచరుకొక్కదానికే అని అందరూ అనుకునేవారు.

"మిగతా నాలుగు బళ్లలోనూ ఆ అమ్మాయి వచ్చే రోజే తీసేశారు. తనొస్తే పిల్లలు క్లాసుల్లోంచి లేచి వెళ్తారు కదా, ఆ గోల వదిలిపోతుందని. మనం తప్ప అందరూ అదే చేశారు."

"అయితే మనం ఒక్కళ్లమే మిగిలాం" అన్నాడు మాస్టారు కాస్త గర్వంగా.

"అదే వచ్చిన చిక్కు మాస్టారూ. ఒక్క రోజూ లేకుండా పోతే మిగులు సిబ్బంది కింద లెక్కేసి ఇంకో ఆఫీసులో పూర్తి ఉద్యోగం ఇస్తారు. ఒక్క రోజైనా మిగిలితే, ఉద్యోగం ఉన్నట్టే. ఆ ఒక్క రోజు జీతమే ఇస్తారు. మీరు కాపాడిన రోజు ఆ పిల్ల మెడకి చుట్టుకుంది."

మాస్టారు మనసులో లెక్కేసుకున్నాడు. ఐదోవంతు జీతంతో, మంచం పట్టిన తల్లితో ఆమె ఎలా బతుకుతుంది? పైకి వివరాలు పంపడానికి బుధవారం దాకా గడువుందని ఆవిడ చెప్పింది. మార్చుకోవాలంటే ఇప్పుడే.

ఇక్కడ బుద్ధున్నవాడెవడైనా ఒక పని చేస్తాడు. ఆమెకి ఫోను చేసి అడుగుతాడు. మాస్టారి దగ్గర నంబరుంది. ఆ రాత్రి ఫోను చేతిలో పట్టుకుని వరండాలో పచార్లు చేశాడు. మెసేజీ రాశాడు, చెరిపేశాడు. అడిగితే ఆమె తేలిగ్గా, దానికేముంది, శుక్రవారం తీసేయండి మాస్టారూ అంటుందేమో. ఆ మాట ఆమె నోటి నుంచి వినే ధైర్యం అతనికి లేదు. వినకుండా తనే తీసేస్తే, కనీసం తను త్యాగం చేశాననైనా అనుకోవచ్చు. మగవాళ్ల త్యాగాల్లో సగం ఇలాంటివే, పిరికితనానికి ఇస్త్రీ చేసి తొడుక్కోవడం.

మర్నాడు మళ్లీ అందరి కాళ్లూ పట్టుకున్నాడు, ఈసారి శుక్రవారం తీసేయమని. మీకు ఒంట్లో బాగానే ఉందా అని డ్రిల్లు మాస్టారు నిజంగానే నుదురు ముట్టుకుని చూశాడు. చేతులు మళ్లీ లేచాయి. అందరికంటే ముందు లేచిన చెయ్యి లెక్కల మాస్టారిదే. బుధవారం కాగితం పైకి వెళ్లింది.

వచ్చిన శుక్రవారమే చివరి శుక్రవారం. ఆ రోజూ వాన పడింది గానీ, కళ్లాపి చల్లినట్టు రెండు చినుకులు. స్టోరు రూములో ఆమె గోడకున్న అద్దం తీసి సంచిలో పెట్టుకుంటోంది. మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో గొప్ప పని చేసినవాడి మౌనం అతని ముఖం మీద ఉంది.

"ఉత్తర్వు వచ్చింది" అంది ఆమె. "రికార్డుల ఆఫీసు. ఆరుగంటల ప్రయాణం ఉన్న ఊళ్లో. సోమవారమే చేరాలి."

"పూర్తి జీతమే కదా?"

ఆమె చేతులు ఆగాయి. "మీకెలా తెలుసు?"

మాస్టారు చెప్పాడు. మొదటి ఓటింగు, ఈల, హెడ్మిస్ట్రెస్ గది, రెండో ఓటింగు అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ముఖంలో కృతజ్ఞత కోసం వెతికాడు. అక్కడ రంగు కొద్దికొద్దిగా దిగిపోవడం కనబడింది.

"ఎవరు మార్చారా అని రెండు రోజుల నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. మీరా?"

"మీ మంచికే..."

"ఆ ఒక్క రోజే నాకు కావలసింది మాస్టారూ. ఒక్క రోజున్నా సర్వీసులో ఉన్నట్టే, అమ్మకి వైద్యం సర్కారే చూసుకుంటుంది. మిగతా నాలుగు రోజులకీ ఇక్కడ పిల్లల ఆస్పత్రిలో పని మాట్లాడుకున్నాను. ఆ పిల్లల్నే అక్కడికి రప్పించుకుందామనుకున్నాను. ఊరు వదలక్కర్లేదు, పని మానక్కర్లేదు. ఇవాళ మీకు చెప్పి మిఠాయి పెడదామనుకున్నాను."

మాస్టారు గోడకి జారగిలబడ్డాడు.

"నా బతుకు మీద రెండుసార్లు ఓటింగు పెట్టారు. రెండుసార్లూ మీరే గెలిచారు. నన్నొక్క మాట అడగలేదు." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. "నత్తి ఉన్న పిల్లల దగ్గర పెద్దవాళ్లు చేసే తప్పొకటుంది. మాట నోట్లో సగంలో ఉండగానే పాపం అని మనమే పూర్తి చేసేస్తాం. మంచికే చేస్తాం. దాంతో ఆ పిల్ల నోరు మూసేసుకుంటుంది. మీరు నాకదే చేశారు."

"అడగడానికి భయమేసింది."

"ఎందుకు?"

"శుక్రవారం పోతే పోనివ్వండి అంటారేమోనని."

"అంటే మీకేం?"

రెండేళ్లుగా గొంతులో అడ్డం పడ్డది అప్పుడు బయటికొచ్చింది, ముక్కలుముక్కలుగా, ఆగి ఆగి. "నాకు... వారమంతా ఆ ఒక్కరోజు కోసమే. మీరు రాని నాలుగు రోజులూ నేను ఉత్తినే అరుస్తుంటాను. మీరంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకోవాలని ఇష్టం. చెప్పడం చేతకాలేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "నాకు తెలీదనుకున్నారా? రేకు వేసిన రోజే తెలుసు. మీ అంతట మీరు చెప్పేదాకా ఆగాలని ఆగాను. మాటల టీచర్ని కదా, ఆగడమే నా పని." కాసేపటికి మళ్లీ అంది. "ఎక్కువసేపు ఆగినట్టున్నాను."

అతను హెడ్మిస్ట్రెస్ గదికి పరిగెత్తాడు. ఆవిడ అతని ముందే పై ఆఫీసుకి ఫోను చేసింది, బతిమాలింది కూడా. బదిలీ ఉత్తర్వు వెళ్లాక వెనక్కి తీసుకోవడం ఉండదని అవతలి మనిషి చెప్పాడు. కాదని చేరకపోతే ఉద్యోగం పోయినట్టే, దాంతో తల్లి వైద్యమూ పోయినట్టే. హెడ్మిస్ట్రెస్ ఫోను పెట్టేసి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

సంగతి విన్న అక్క అతన్ని తిట్టలేదు. తిట్టకపోవడమే అతన్ని చంపేసింది. మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని మాటల టీచరు ఇంటికి వెళ్లింది. ఇల్లంతా మూటలు. మంచం మీద ఉన్న తల్లి, అక్క చెయ్యి పట్టుకుని, నాకేం అభ్యంతరం లేదమ్మా, కుర్రాడు మంచివాడని మా అమ్మాయి ఎప్పుడూ అంటుంది, అని ఇద్దర్నీ దగ్గరికి పిలిచి తల నిమిరింది. పెళ్లి ఎప్పుడు, ఎక్కడ అని అక్క అడిగింది. మూటలు కట్టే చేతుల్తో ఆ మాట ఇప్పుడొద్దంది అమ్మాయి. వెళ్లేముందు అతన్ని ఒకటే అడిగింది. బడి అయ్యాక ఆ స్టోరు రూములో పిల్లల్ని కాసేపు కూర్చోబెట్టుకోమంది. "నేర్పక్కర్లేదు. వాళ్లు చెప్పేది వినండి చాలు. తొందరపెట్టకండి."

బడి వారానికి నాలుగు రోజులైంది. ఐదు రోజుల పాఠం నాలుగు రోజుల్లో కుక్కుతుంటే పిల్లలు తలలు వాల్చేసేవారు. డ్రిల్లు పీరియడ్లు ఎగిరిపోయాయి. బస్సుల్లో జనం కిటికీల దాకా ఒత్తుకుని వచ్చేవారు. శుక్రవారం పిల్లల్ని ఎక్కడ వదిలి పనికెళ్లాలో తెలియక తల్లులు గేటు దగ్గర ఒకరినొకరు అడిగేవారు. సాయంత్రాలు మాస్టారు మెడలో ఈల వేసుకుని గ్రౌండులో నిలబడి, ఆ తరవాత స్టోరు రూములో కూర్చునేవాడు. పిల్లలు వచ్చేవారు, కూర్చునేవారు, అతని ముఖం చూసి తల దించుకునేవారు.

శుక్రవారం అతనికి సెలవే. తెల్లవారుజామున బస్సెక్కితే ఆమె భోజనం వేళకి ఆ ఊరు చేరేవాడు. ఆఫీసులకి మాత్రం ఐదు రోజులూ ఉన్నాయి. రికార్డుల గది నేలమాళిగలో ఉంటుంది. అక్కడ ఆమె పని పాత కట్టలు విప్పి, దులిపి, చీటీ అతికించి, మళ్లీ కట్టడం. భోజనానికి అరగంట. మెట్ల పక్కన బెంచీ మీద ఇద్దరూ డబ్బాలు విప్పుకునేవారు. ఆమె గొంతు బొంగురుపోయి ఉండేది.

"జలుబా?" అనడిగాడు మొదటిసారి.

"కాదు. వారమంతా ఎవరూ మాట్లాడరు. వాడకపోతే ఇలాగే అవుతుంది." అని నవ్వబోయి మానేసింది. "పిల్లలెలా ఉన్నారు?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. చేతకాలేదు. గోడ అవతలి నుంచి తన పేరు చెప్పిన ఆ పిల్ల ఇప్పుడు నోరు తెరవడం లేదనీ, ఏం కావాలన్నా వేలు పెట్టి చూపిస్తోందనీ చెప్పాడు. ఆమె డబ్బా మూత పెట్టేసింది. ఆ రోజు ఇంకేమీ తినలేదు.

అలా కొన్ని శుక్రవారాలు గడిచాయి. ఒకసారి మాస్టారు బస్సులో దారిపొడుగునా మాటలు కూడబలుక్కుని వచ్చాడు.

"నేను ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చెయ్యనా? ఇక్కడ ట్యూషన్లు చెప్పుకుంటాను. అడుగుతున్నాను. మీరు ఎలా అంటే అలా."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. అతను తొందరపెట్టలేదు. మెట్ల మీద ఎవరో దిగి, ఎవరో ఎక్కారు.

"మిమ్మల్ని తప్ప ఎవర్నీ చేసుకోను" అంది చివరికి. "కానీ మానేసి రావద్దు. మీరూ వచ్చేస్తే ఆ గదికి తాళం వేస్తారు. ఆ పిల్ల మాట్లాడినా మాట్లాడకపోయినా, ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండాలి."

"మరి మనకి?"

"ఈ అరగంటే."

మాస్టారికి ఆమెని ఎలాగైనా నవ్వించాలనిపించింది. "దిగులుపడకండి. డబ్బు ఇంకా చాలడం లేదట. వచ్చే ఏడాది గురువారం కూడా ఎత్తేస్తారని హెడ్మిస్ట్రెస్ గారు చెప్పారు. అప్పుడు వారానికి రెండు అరగంటలు."

ఆమె నిజంగానే నవ్వింది. ఆ ఊరు వచ్చాక మొదటిసారి. నవ్వుతూ, "ఆ పైఏడాది బుధవారం" అంది. "ఆ తరవాత మంగళవారం. బడి పూర్తిగా మూసేశారంటే మనం రోజూ కలిసి ఉండొచ్చు."

ఆ మాట పూర్తయ్యేసరికి నవ్వు లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. లోపల గంట మోగింది. ఆమె ముఖం తుడుచుకుని, అతని చెయ్యి ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని, మెట్లు దిగి వెళ్లింది. రెండేళ్లపాటు వారంలో ఒక్క రోజు కోసమే ఎదురుచూసిన లెక్కల మాస్టారు, ఇప్పుడు ఏ రోజు నిలవాలని కోరుకోవాలో తెలియక, ఆ బెంచీ మీద కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చాడు.